తంత్రులు నాలుగు, లిఖితము ఒకటి: వ్యక్తిభేదమునకు ఒక నూతన దృష్టాంతము





ఆకారమున సర్వథా సమానములైన వస్తువులు అనేకములున్నపుడు, వానిలో ఒకదానిని ‘ఇది ఇదియే, మరియొకటి కాదు’ అని నిర్ణయించునది ఏది? ఈ ప్రశ్న మన శాస్త్రములలో ప్రాచీనమైనది. సమానరూపములైన శబ్దములు పలుమారులు ప్రాప్తించినపుడు ఒక్కటే మిగులునని పాణిని మహర్షి ఏకశేషమును విధించెను. ఆ సూత్రమును విచారించు సందర్భముననే, శబ్దమునకు ఆకృతి అర్థమని వాజప్యాయనుని పక్షము, ద్రవ్యము అర్థమని వ్యాడి పక్షము మహాభాష్యమున చర్చింపబడినవి. ‘గోవు’ అనిన గోజాతియా, ఎదుట నిలిచిన ఈ గోవా? బాల్యమున గురుసన్నిధిలో ఈ వాదములను వల్లించితిని. వానికి చెవులతో వినదగిన దృష్టాంతము మాత్రము ఏబది దాటిన వయస్సున, అనుకొనని చోట లభించినది. శబ్దమును నిర్మించు ఒక కంప్యూటర్ సాధనమునందు అది ఉన్నది. ఒక వ్రతసంకల్పమును గూర్చి మా ఊరిలో కలిగిన వివాదమునకు సమాధానము చెప్పుటలో అది నాకు తోడ్పడినది కావున, సాధకుల ఉపయోగార్థము ఇచట వ్రాయుచున్నాను.

మా శివాలయము శ్రీకాకుళము జిల్లాలో వంశధారాతీరమున ఉన్నది. ప్రదోషవేళ నామసంకీర్తనము జరుగును. చిరకాలముగా తంబుర మీటుచుండిన పెద్దాయనకు వార్ధక్యముచేత కూర్చుండు శక్తి తగ్గినది. నా తమ్ముని కుమారుడు కొంతకాలము విజయనగరము సంగీత కళాశాలలో వయొలిన్ అభ్యసించి, ఇప్పుడు విశాఖపట్టణమున ధ్వనిముద్రణకు సంబంధించిన ఉద్యోగము చేయుచున్నాడు. 1919వ సంవత్సరమున విజయనగర ప్రభువులు స్థాపించిన ఆ కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచటనే వయొలిన్ బోధించిరి. అట్టి చోట నేర్చినవాడు కావున శ్రుతిలోపమును సహింపలేడు. “పెదనాన్నగారూ, తంబుర నేను కట్టి ఇస్తానండి” అనెను. అంగడిలో దొరకు శ్రుతిపెట్టె చాలదా అని అడిగితిని. “ప్రతి తీగనీ మన చెవికి తగ్గట్టు సరిచేసుకోవాలంటే మనమే కట్టుకోవాలండి” అనెను.

అతడు తెచ్చిన సాధనము పేరు ప్యూర్ డేటా. మిల్లర్ పకెట్ అను శాస్త్రజ్ఞుడు దీనిని 1996 ప్రాంతమున రచించెను. అంతకు పూర్వము 1980ల నడుమ పారిస్ నగరమందలి ఇర్కాం అను సంస్థలో ఇతడే మ్యాక్స్ అను సాధనమునకు కూడ శ్రీకారము చుట్టెను. 1957లోనే కంప్యూటర్ చేత సంగీతమును పలికించిన మ్యాక్స్ మాథ్యూస్ అను పెద్దాయన పేరు దానికి పెట్టిరి. ఈ సాధనములలో అక్షరపంక్తులుగా ఆజ్ఞలు వ్రాయు పద్ధతి లేదు. తెరమీద చిన్న చిన్న గడులు ఉండును. ఒక్కొక్క గడి ఒక్కొక్క పని చేయును. గడికి గడికి గీతలు గీసి కలిపినచో శబ్దము ఒకదానినుండి మరియొకదానికి ప్రవహించును. యజ్ఞశాలయందు కుండమునకు దర్వికి ఆజ్యస్థాలికి గల సంబంధమును నేలమీద గీసి చూపినట్లుండును. ఇట్లు గీసిన పటమును వారు ప్యాచ్ అందురు.

మొదట ఒక్క తంత్రిని నిర్మించెను. 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ అను ఇరువురు ప్రకటించిన పద్ధతి అది. క్షణమాత్రము ఒక గరగర శబ్దమును పుట్టించి, ఒక చిన్న జ్ఞాపకస్థానమున నిలిపి, కొంచెము ఆలస్యముగా మరల వినిపించి, మెత్తబరచి, మరల ఆ స్థానమునకే పంపుచుందురు. ఆ శబ్దము తన్ను తాను స్మరించుకొనుచు క్రమముగా తంత్రీనాదమగును. ఆలస్యము ఎక్కువైన స్వరము మంద్రమగును, తక్కువైన తారమగును. సంస్కారమువలననే స్వరూపము నిలుచునన్న మాట నాకు ఇచట స్ఫురించినది. ఆ జ్ఞాపకస్థానమునకు ఒక పేరు పెట్టవలెను. దానికి ‘స్మృతి’ అని అర్థమిచ్చు పేరే పెట్టెను. మీటుమను ఆజ్ఞను అందుకొను గడికి ‘మీటు’ అని పేరుంచెను. ఇంగ్లీషు అక్షరములలో అతడు వ్రాసిన పేర్లను నేను తెలుగు చేసి చెప్పుచున్నాను.

ఆ పటమును ‘తంత్రి’ అను పేరుతో భద్రపరచి, మరియొక పెద్ద పటములో ‘తంత్రి’ అని నాలుగు గడులలో వ్రాసెను. వ్రాసినంతనే నాలుగు తంత్రులు పుట్టినవి! లిఖితము ఒకటే, వ్యక్తులు నాలుగు. మూలలిఖితమును తెరచి సవరించి భద్రపరచినచో నాలుగును ఒకేమారు సవరింపబడును. ఆకృతివాది పక్షము ఇంతకంటె స్పష్టముగా చూపుట కష్టము.

తంబురకు నాలుగు తంత్రులు: పంచమము, రెండు సారణులు, మంద్రషడ్జము. సారణి సెకనుకు 120 స్పందనములనుకొనినచో పంచమము 90, మంద్రము 60. గడిలో ‘తంత్రి’ అను పేరు ప్రక్కన ఆ సంఖ్యను వ్రాసిన చాలును. లిఖితములో ఆ సంఖ్య రావలసిన చోట ‘డాలరు ఒకటి’ అను సంకేతముండును. ప్రక్కన రెండవ మాట ఉన్నచో అది ‘డాలరు రెండు’ స్థానమున చేరును. ఏ వ్యక్తికి ఏది ఇచ్చిరో ఆ వ్యక్తిలో ఆ స్థానమున అది నిలుచును.

ఇది చూచి నాకు నవ్వు వచ్చినది. మన ప్రయోగగ్రంథములలో సంకల్పమున ‘అముక’ అను పదముండును గదా! గోత్రము రావలసిన చోట అముక గోత్రము, పేరు రావలసిన చోట అముక నామధేయము. పురోహితుడు ఆ పదమును చదువడు. ఆ స్థానమున యజమానుని గోత్రనామములను నిలుపును. ఇంకను వెనుకకు పోయినచో మీమాంసయందు ఊహాధ్యాయము కలదు. దర్శపూర్ణమాసములు ప్రకృతి, ఇతరేష్టులు వికృతులు. ప్రకృతియందు అగ్ని పేరున్న మంత్రమును సూర్యుడు దేవతగా గల చరువునందు ప్రయోగించునపుడు అగ్నిపదస్థానమున సూర్యపదమును నిలుపవలెను. జైమిని మహర్షి తొమ్మిదవ అధ్యాయమున దీనిని విచారించెను. అరసవల్లి సూర్యనారాయణస్వామిని ఇలవేల్పుగా సేవించు ప్రాంతమువాడనగుటచే ఈ ఉదాహరణమన్న నాకు ప్రత్యేకమైన ప్రీతి.

ఇక వాని తంబుర పలికినది. కాని తంబురవలె పలుకలేదు. ఒక తంత్రిని మీటగా నాలుగును ఒకేమారు మ్రోగినవి. అంతియే కాక ఒకదాని నాదము మరియొకదానిలో చొరబడి, పంచమమున షడ్జము, షడ్జమున పంచమము కలిసి అపశ్రుతి అయినది. తెరమీద ‘ఒకే పేరు పలుమారులు నిర్వచింపబడినది’ అను హెచ్చరిక వచ్చినది. “తీగ సరిగానే ఉందండి పెదనాన్నగారూ, పేరు దగ్గరే చిక్కు” అని అతడు వివరించెను. ఆ సాధనమున ‘స్మృతి’, ‘మీటు’ వంటి పేర్లు ఏ గడిలో వ్రాసినను సర్వత్ర వ్యాపించును. ఒకే లిఖితమునుండి పుట్టిన నాలుగు తంత్రులు నాలుగు జ్ఞాపకములను ఒకే పేరుతో చెప్పుకొనుచున్నవి. ‘మీటు’ అని పిలిచిన నాలుగును పలుకుచున్నవి. రూపము నాలుగుగా ఏర్పడినది గాని వ్యక్తిత్వము ఏర్పడలేదు. శాస్త్రభాషలో దీనిని వ్యతికరమందురు: ఒకరిది మరియొకరికి కలిసిపోవుట.

దీనికి అతడు చేసిన ప్రతీకారము రెండు విధములు.

మొదటిది బయటి పేరు. ప్రతి తంత్రికి శ్రుతిసంఖ్యతో పాటు వరుససంఖ్యను కూడ ఇచ్చెను. అందుచే ‘మీటు’ అను పేరు మొదటి తంత్రిలో ‘మీటు-1’, రెండవదానిలో ‘మీటు-2’ అయినది. ఇప్పుడు ఎవరిని పిలిచిన వారే పలుకుదురు. సారణులు రెండింటికిని శ్రుతి 120 యే. శ్రుతి చెప్పిన మాత్రమున అవి వేరుపడవు. వరుససంఖ్య ఉన్నందుననే ఒకదాని తరువాత ఒకదానిని మీట వీలయినది.

రెండవది లోపలి గుర్తు. దానిని ‘డాలరు సున్న’ అందురు. ఒకటి, రెండు మొదలగు స్థానములలోనికి మనము విలువలను ఇచ్చెదము. సున్న స్థానమునకు ఎవరును ఇయ్యరు. వ్యక్తి పుట్టిన క్షణమున ఆ సాధనమే దానికి ఒక సంఖ్యను కల్పించును. అది సాధారణముగా వేయికి పైబడినదై యుండును. ఏ రెండింటికిని సమానముగా ఉండదు. ‘స్మృతి’కి ముందు ఆ సంకేతమును చేర్చినచో ఒక తంత్రిలో ‘1005-స్మృతి’, మరియొకదానిలో ‘1006-స్మృతి’ అని తమంత తాము ఏర్పడును. అప్పటినుండి ఒకదాని జ్ఞాపకము మరియొకదానికి సోకలేదు. తంబుర పలికినది. తంబుర గుర్రముమీద ప్రతి తంత్రి క్రింద వేరుగా ఒక నూలుపోగు ఉంచి నాదమును తీర్చుదురు. దానిని వాద్యకారులు జీవ అని, జీవాళి అని అందురు. నాలుగు తంత్రులకు కలిపి ఒకే పోగు పనికిరాదు. ఎవరి జీవ వారిదే.

ఈ రెండు గుర్తులను చూచినపుడు నామకరణవిధి జ్ఞప్తికి వచ్చినది. మా ఆపస్తంబగృహ్యమున శిశువునకు వ్యావహారికనామముతో పాటు నక్షత్రనామమును చెప్పి, ఆ రెండవది రహస్యముగా ఉండవలెనని విధించిరి. పిలుచుటకు ఒకటి, దాచుటకు ఒకటి. లోకమంతయు పిలుచు పేరు మాత్రమే మనుష్యుని సర్వస్వము కాదని ఋషులు ఎరుగుదురు.

పిదప అతడు మరియొక విశేషమును చూపెను. 2016లో వచ్చిన 0.47వ రూపాంతరమునందు ఆ సాధనమునకు ‘క్లోన్’ అను గడి చేరినది. ‘ఘంట’ అను లిఖితమును, 11 అను సంఖ్యను దానికి చెప్పగా ఏకాదశరుద్రులవలె పదకొండు ఘంటలు ఒకే గడిలో పుట్టినవి. సందేశమునకు ముందు ఏ సంఖ్య ఉండునో ఆ సంఖ్య గల ఘంటయే మ్రోగును. ప్రత్యేకముగా చెప్పనియెడల లెక్క సున్నతో ఆరంభమగును. పదకొండు ఘంటలకు సంఖ్యలు 0 నుండి 10 వరకే. ‘11’ అని పిలిచిన పలుకువాడు లేడు. అందరిని ఒకేమారు పిలువవలెనన్న ‘అందరు’ అని అర్థమిచ్చు ఇంగ్లీషు మాటను సంఖ్యాస్థానమున వ్రాయవలెను. వ్యష్టికి ఒక మార్గము, సమష్టికి ఒక మార్గము. రెండును ఉన్నవి, ఒకటి మరియొకదాని పని చేయదు.

ఇక వివాదమును చెప్పెదను. కార్తికపూర్ణిమనాడు మా ఆలయమున సామూహిక సత్యనారాయణవ్రతములు జరుగును. అరువదికి పైగా కుటుంబములు కూర్చుండిరి. ఆలయపు పెద్దలలో ఒకరు ముందే నాతో, “అందరి గోత్రనామాలూ చదువుతూ కూర్చుంటే ప్రొద్దుపోతుంది పంతులుగారూ. నానాగోత్రాలవాళ్ళు, నానానామధేయాలవాళ్ళు అని ఒక్కసారి చెప్పేస్తే చాలదాండీ?” అనిరి. అది అశాస్త్రీయమైన మాట కాదు. సమష్టిసంకల్పము సంప్రదాయమున కలదు. పైగా ఊహ, ప్రవర, నామధేయము అను మూడును ఆమ్నాయమున పఠింపబడనివి కావున మంత్రములు కావని మీమాంసకులే నిర్ణయించిరి. మంత్రము కానిదానిని విడిచిన మంత్రలోపము లేదు గదా అని వాదింపవచ్చును. ఆ పెద్దమనిషి వ్యవహారదక్షుడు. భక్తులు ఆకలితో ఉందురన్న దయతోనే అట్లనెను.

నేను ఆలోచించుచుండగా వరుస చివర కూర్చుండిన ఒక మత్స్యకారస్త్రీ లేచి వచ్చినది. ఆమె కుమారుడు మా తీరగ్రామములనుండి పోవు అనేకులవలె గుజరాతునందలి వేరావల్ రేవునకు చేపల వేటకై పోయియున్నాడు. “బాబూ, మావోడి పేరు సదవండి బాబూ. ఊరు కాని ఊర్లో సముద్రం మీదున్నాడు. పేరు సెప్పకపోతే ఆడు ఈడేనని సామికెలా తెలుస్తాది?” అనెను. పేరు అడిగితిని. అప్పన్న. మా ప్రాంతమున సింహాద్రి అప్పన్న దయవలన వీధికొక అప్పన్న ఉండును. ఆనాటి పట్టికలోనే ముగ్గురున్నారు. గోత్రము తెలియదు. తెలియనివారికి కాశ్యపగోత్రమును చెప్పుట సంప్రదాయము. నక్షత్రము తెలియదు. నామాద్యక్షరమునుబట్టి అకారమునకు కృత్తిక. మిగిలిన ఇద్దరు అప్పన్నలకును గోత్రనక్షత్రములు తెలియవు. వారికిని కాశ్యపము, కృత్తికయే. ముగ్గురికి గోత్రమొకటి, నక్షత్రమొకటి, పేరొకటి. రెండు సారణులవలె బయటినుండి ఇచ్చిన గుర్తులన్నియు సమానములైనవి!

ఆమె ప్రశ్న అమాయకమైనది కాదు. అద్వైతమునకు ఎదురుగా పూర్వపక్షి వేయు ప్రశ్నయే అది. ఆత్మ ఒకటియే అయినచో ఒకని సుఖదుఃఖములు అందరికి కలుగవలెను గదా, ఒకని కర్మఫలము మరియొకనికి చేరవలెను గదా? గౌడపాదాచార్యులవారు మాండూక్యకారికలలో అద్వైతప్రకరణమున దీనికి ఘటాకాశదృష్టాంతముచేత సమాధానము చెప్పిరి. ఒక కుండలోని ఆకాశము ధూళిధూమములచే మలినమైనట్లు తోచినను అన్ని కుండలలోని ఆకాశమును అట్లగుట లేదు. బ్రహ్మసూత్రములందు రెండవ అధ్యాయమున మూడవ పాదమున, ఉపాధులు వేరగుటచేత కర్మఫలములకు అవ్యతికరము, అనగా కలగలుపు లేకుండుట, స్థాపింపబడినది. ఏకత్వమనగా అందరిని కలిపివేయుట కాదు. తత్త్వము ఒకటి, కాని వ్యవహారమున ఒకని స్మృతి ఒకనిదే, ఒకని కర్మ ఒకనిదే. ఈ అవ్యతికరము లేనినాడు ధర్మము నిలువదు. సంకల్పమునకు అర్థము లేదు. తల్లి ప్రార్థనకు గమ్యము లేదు.

నేను ఆమెతో, “అమ్మా, పేరు మనం పిలవడానికి. నీ కొడుకు లోపలే స్వామి ఉన్నాడు, ఆయనకి చిరునామా అక్కర్లేదు. అయినా పిలవవలసిన పని మనది. పిలుస్తాను, కూర్చో” అంటిని. మొదట సమష్టిసంకల్పము చెప్పి, పిదప ప్రతి కుటుంబపు గోత్రనామములను చదివితిని. ముగ్గురు అప్పన్నలను మూడుమార్లు చదివితిని. ఒక్కమారు చదివి ముగ్గురికి సరిపెట్టలేదు. ఏకశేషము వ్యాకరణమున గుణమే, సంకల్పమున కాదు. వేరావల్‌లో ఉన్నవానికి తల్లి పేరును, ప్రవాసమున ఉన్న స్థలమును కూడ చేర్చితిని. ఒక గంట ఆలస్యమైనది. ప్రసాదము చల్లారినదని కొందరు గొణిగిరి. ఆలయపు పెద్ద నన్ను ఏమియు అనలేదు. తన గోత్రము చదివినపుడు మాత్రము చేతులు జోడించెను.

నామధేయము మంత్రము కాదు, నిజమే. ఘంట స్వరూపమున సంఖ్య లేదు. అయినను సంఖ్య లేనిదే సందేశము ఘంటకు చేరదు. నామధేయము మంత్రశక్తిని పెంచదు. ఆ కర్మ ఎవరిదో నిర్ణయించును. అంతవరకే దాని పని. ఆ పని మరియొకటి చేయదు. గుర్తులన్నియు సమానములై మన పిలుపు అచటితో ఆగినపుడు, ఎవరును ఇయ్యని, ఎవరును ఎరుగని లోపలి స్థానమున అంతర్యామి ఉన్నాడు. పేరు చదువుట మన ధర్మము. గుర్తించుట ఆయన స్వభావము. రెండవది ఉన్నదని మొదటిదానిని విడుచుట సోమరితనము. మొదటిదే సర్వమనుకొని, నక్షత్రము తెలియలేదని భక్తుని వెనుకకు పంపుట అజ్ఞానము.

దృష్టాంతమును దాని హద్దు దాటించరాదు. డాలరు సున్న సంఖ్య పటమును మూసినంతనే పోవును. మరల తెరచినపుడు మరియొక సంఖ్య రావచ్చును. జీవుని సంస్కారములు దేహముతో పోవునవి కావు. ఆ సంఖ్య తన్ను తాను ఎరుగదు. జీవుడు ‘నేను’ అని ఎరుగును. ఆ లిఖితమును ఒకడు వ్రాసెను, సవరించెను. బ్రహ్మమునకు సవరణ లేదు. కుండ మట్టిదని ఆకాశమును మట్టి అనము గదా! వ్యతికరము ఎట్లు కలుగును, ఎట్లు తొలగును అను ఒక్క అంశమునందే ఈ పోలిక గ్రాహ్యము.

సాధకులకు నా విన్నపము ఒకటి. మీ గోత్రమును, ప్రవరను, జన్మనక్షత్రమును తెలిసికొనుడు. ఇరువైపుల మూడు తరముల పేర్లను పెద్దలు జీవించియుండగనే అడిగి ఒక పుస్తకమున వ్రాసి ఉంచుడు. పితృకార్యమున ముగ్గురికి పిండములు సమానముగానే ఉండును. పేరు చెప్పినపుడే ఇది తండ్రిది, ఇది తాతది, ఇది ముత్తాతది అగును. ఏ విధముగను తెలియనివారు సంకోచింపక పురోహితునితో చెప్పుడు. శాస్త్రము వారికి మార్గము చూపియే ఉన్నది. ఇక నాతోటి అర్చకులకును ఒక మాట: పట్టిక ఎంత దీర్ఘమైనను, ఒకే పేరు ఎన్ని మారులు వచ్చినను, అన్ని మారులు చదువుడు. ఆ పేరు వెనుక కూర్చుండినవారు వేరువేరు మనుష్యులు.

శుభం భూయాత్.